జవాబు చెప్పే ఫ్యాన్ ఏది? క్యాబినెట్ ఫ్యాన్లను స్ప్లిట్టర్లతో కలిపిన నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలికి దగ్గరలో మా బావ నడిపే స్టూడియో నుంచి వారానికి రెండు మూడు హార్డ్ డిస్కులు నా దగ్గరికి వస్తాయి. పగలంతా వాటిని చూసి, కత్తిరించి, రంగులు సరిచేసి, రాత్రి పడుకునే ముందు కంప్యూటర్‌ను రెండరింగ్‌కు, అంటే ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా తయారు చేసే పనికి పెట్టి, తెల్లవారి లేచి ఫలితం చూసుకోవడం ఏళ్ల తరబడి నాకు అలవాటు. కంప్యూటర్ గదిని ఆనుకుని ఉన్న వసారాలో మా అమ్మ రాట్నం మీద నూలు వడుకుతుంది. పొందూరు సన్నఖద్దరుకు కావలసిన పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఆ తరువాతే వడకాలి కనుక, మా ఇంటి గాలిలో ఎప్పుడూ కాస్తో కూస్తో దూది నూగు తేలుతూనే ఉంటుంది. కంప్యూటర్ ఫ్యాన్ల గురించి రాయబోతూ ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఈ వ్యవహారంలో నాకు తగిలిన పెద్ద దెబ్బకూ, ఆ తరువాత దొరికిన ఉపాయానికీ ఆ దూదే మూలం.

వేసవి ముహూర్తాల కాలంలో ఒక నెలంతా పనులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. సముద్రం దగ్గర కనుక మా వైపు ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ. రాత్రి పదకొండు దాటినా గది చల్లబడదు. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటుతూ, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటూ వచ్చింది. ఐదు గంటల్లో ముగియవలసిన రెండరింగ్ దాదాపు ఏడు గంటలు పట్టసాగింది. క్యాబినెట్‌లో ఉన్నవి రెండే ఫ్యాన్లు: ముందు ఒకటి, వెనుక ఒకటి. పరీక్ష కోసం క్యాబినెట్ పక్క పలకను విప్పి అరగంట నడిపితే ఉష్ణోగ్రత 7 డిగ్రీలు తగ్గింది. కార్డులో లోపం లేదనీ, లోపల గాలి ఆడకపోవడమే కారణమనీ దానితో తేలిపోయింది. పలక విప్పి ఉంచడం మాత్రం మా ఇంట్లో కుదరదు. రెండు రోజుల్లోనే మదర్‌బోర్డు మీద తెల్లని పొర కనిపిస్తుంది.

శ్రీకాకుళం వెళ్లి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు నాలుగు కొన్నాను. లైట్లు వెలిగే రకం తీసుకోమని దుకాణంలో చెప్పారు గానీ నేను ఒప్పుకోలేదు. రాత్రి పడుకునే గదిలో రంగుల దీపాలు నాకు అక్కరలేదు. పైగా ఆ లైట్లకు వేరే తీగ ఉంటుంది. దాన్ని తగిలించడానికి మదర్‌బోర్డు మీద ఉండే పిన్నుల వరుసనే హెడర్ అంటారు. ఒక రకానికి 5 వోల్టుల మూడు పిన్నుల హెడర్, మరొక రకానికి 12 వోల్టుల నాలుగు పిన్నుల హెడర్ కావాలి. 5 వోల్టుల లైట్లకు పొరపాటున 12 వోల్టులు అందితే అవి మాడిపోతాయి. ఆ తలనొప్పి లేని నల్లటి మామూలు ఫ్యాన్లనే, నాలుగు పిన్నులవి, ఎంచుకున్నాను. ముందు వైపు మూడు కొత్తవి, పైన వెనుక మూలలో ఒక కొత్తది, వెనుక ఎప్పటి నుంచో ఉన్న మూడు పిన్నుల పాత ఫ్యాన్, మొత్తం ఐదు అని లెక్క వేసుకున్నాను. ముందున్న పాత ఫ్యాన్‌ను తీసి పక్కన పెట్టాను.

ఇంటికి వచ్చి మదర్‌బోర్డు చూసుకున్న తరువాత గాని అసలు చిక్కు తెలియలేదు. బోర్డు మీద ఫ్యాన్ హెడర్లు మూడే ఉన్నాయి. అందులో ఒకటి ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కు కేటాయించినది, దాన్ని కదపకూడదు. దాని నుంచి వేగం తెలియకపోతే చాలా బోర్డులు కంప్యూటర్ ఆన్ చేయగానే ఫ్యాన్ లోపమని హెచ్చరించి ఆగిపోతాయి. ఇక మిగిలినవి రెండు హెడర్లు, కలపవలసినవి ఐదు ఫ్యాన్లు.

మర్నాడు మళ్లీ దుకాణానికి వెళ్లి అడిగితే, కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద నాలుగు రంధ్రాల కనెక్టర్‌కు తగిలించే గొలుసు తీగ ఒకటి ఇచ్చారు. ఐదు ఫ్యాన్లూ దానికే పెట్టేయవచ్చని చెప్పారు. పెట్టాను. అన్నీ తిరిగాయి. గ్రాఫిక్స్ కార్డు 72 డిగ్రీల దగ్గర నిలిచింది. కానీ ఆ తీగలో ఉన్నవి పసుపు, నలుపు రెండే తీగలు. పసుపు 12 వోల్టులు, నలుపు భూమి, అంటే కరెంటు తిరిగి వెళ్లే గ్రౌండ్ తీగ. వేగం తగ్గించమని చెప్పే దారి గాని, ఎంత వేగంతో తిరుగుతున్నదీ తెలుసుకునే దారి గాని అందులో లేవు. రాత్రంతా ఐదు ఫ్యాన్లూ పూర్తి వేగంతో తిరిగాయి. రెండో రాత్రి అమ్మ లేచి వచ్చి, "ఏటి నాన్నా ఆ రొద, బియ్యం మిల్లు పక్కన పడుకున్నట్టుంది" అంది. ఆ మాట నిజమే. వేడి తగ్గితే చాలదు, ఇంట్లోవాళ్లు నిద్రపోగలగాలి. గొలుసు తీగను ఆ రోజే తీసివేశాను.

అప్పుడు కూర్చుని ఆ పిన్నుల సంగతి పూర్తిగా నేర్చుకున్నాను. నాలుగు పిన్నుల ఫ్యాన్‌లో మొదటిది భూమి, రెండోది 12 వోల్టులు, మూడోది ఫ్యాన్ తన వేగాన్ని బోర్డుకు తెలియజేసే ట్యాకో తీగ, నాలుగోది బోర్డు ఫ్యాన్‌కు ఆజ్ఞ ఇచ్చే పీడబ్ల్యూఎం తీగ. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగినప్పుడల్లా మూడో తీగ మీద రెండు స్పందనలు పంపుతుంది. బోర్డు వాటిని లెక్కపెట్టి నిమిషానికి ఎన్ని చుట్లో చూపిస్తుంది. నాలుగో తీగ మీద బోర్డు సెకనుకు సుమారు 25,000 సార్లు వెలిగి ఆరే సంకేతం పంపుతుంది; అందులో వెలిగి ఉన్న భాగం ఎంత శాతమో, ఫ్యాన్ వేగం దానికి తగ్గట్టు ఉంటుంది. ఈ నాలుగో తీగ తెగిపోతే ఫ్యాన్ ఆగిపోదు, పూర్తి వేగానికి వెళుతుంది. మంచి ఏర్పాటు అది. మూడు పిన్నుల ఫ్యాన్‌కు ఈ నాలుగో తీగ ఉండదు కనుక దాని వేగం తగ్గించాలంటే బోర్డు 12 వోల్టులనే తగ్గించి ఇవ్వాలి. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే బోర్డు సెట్టింగుల తెరలో, దీన్నే డీసీ మోడ్ అంటారు.

ఒక హెడర్ నుంచి రెండు మూడు ఫ్యాన్లకు శాఖలుగా చీలే తీగే స్ప్లిట్టర్. కొనే ముందు బోర్డు మాన్యువల్ తీసి ఒక్కొక్క హెడర్ ఎంత కరెంటు ఇవ్వగలదో చూశాను. నా బోర్డుకు ఒక్కో హెడర్‌కు 1 ఆంపియర్ అని ఉంది. 12 వోల్టుల దగ్గర అది 12 వాట్లు. కొన్ని బోర్డులలో నీటితో చల్లబరిచే పంపు కోసం ఉంచిన హెడర్లు 2, 3 ఆంపియర్లు కూడా ఇస్తాయి గానీ, మాన్యువల్‌లో చూడకుండా ఏదీ ఊహించుకోకూడదు. కొత్త ఫ్యాన్ల మధ్యలో అంటించిన కాగితం మీద 0.18 ఆంపియర్లు అని ఉంది. ముందున్న మూడింటికీ కలిపి 0.54. వెనుక పాతదాని మీద 0.25, పైన కొత్తదాని మీద 0.18, రెండూ కలిపి 0.43. ఆగి ఉన్న ఫ్యాన్ కదిలే తొలి క్షణంలో కాగితం మీద రాసినదాని కంటే ఎక్కువ లాగుతుంది కనుక, నేను మొత్తం హద్దులో మూడింట రెండు వంతులు దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ లెక్క వేయకుండా ఒకే హెడర్‌కు ఆరేడు ఫ్యాన్లు తగిలించినవారి బోర్డులలో ఆ హెడర్ కాలిపోతే దాన్ని బాగుచేయడం మామూలు పని కాదు. బోర్డు మొత్తం పోయినంత పని అవుతుంది.

ఒకటికి మూడుగా చీలేది ఒకటి, ఒకటికి రెండుగా చీలేది ఒకటి తెప్పించుకున్నాను. మూడు శాఖలది ముందు ఫ్యాన్లకు పెట్టి కంప్యూటర్ ఆన్ చేసి బయోస్ తెరిస్తే, వేగం చూపే అంకె ఒక క్షణం 1,900, మరుక్షణం 640, ఆపై సున్నా, మళ్లీ 2,300 అని గంతులు వేసింది. చూస్తే మూడు ఫ్యాన్లూ నిమ్మళంగానే తిరుగుతున్నాయి. చాలాసేపు బోర్డే చెడిపోయిందేమోనని భయపడ్డాను. తరువాత రెండు స్ప్లిట్టర్లను పక్కపక్కన పెట్టి, బల్ల దీపం కిందికి తెచ్చి చూశాను. రెండు శాఖల స్ప్లిట్టర్‌లో ఒక కొసకు నాలుగు పిన్నులు ఉన్నాయి. రెండో కొసకు మూడో పిన్ను ఉండవలసిన చోట ఖాళీ రంధ్రం ఉంది. మొదట అది తయారీలో జరిగిన లోపమనుకుని దుకాణానికి తిరిగి ఇచ్చేద్దామని కూడా అనుకున్నాను. నిజానికి లోపం ఉన్నది అన్ని కొసలకూ నాలుగేసి పిన్నులు నిండుగా ఉన్న మూడు శాఖలదానిలోనే. అందులో మూడు ఫ్యాన్ల ట్యాకో తీగలూ ఒకటిగా కలిసిపోయి, మూడింటి స్పందనలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే, పాపం బోర్డు దేన్ని లెక్కపెట్టాలి? ముగ్గురు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినబడనట్టే అయింది. ఆజ్ఞను ఎందరికైనా పంచవచ్చు; జవాబు మాత్రం ఒక్కరే చెప్పాలి. ఆ ఖాళీ రంధ్రం కావాలని వదిలినదే.

దాన్ని మార్చడానికి మళ్లీ శ్రీకాకుళం వెళ్లే ఓపిక లేక ఇంట్లోనే సరిచేశాను. ఈ పని కంప్యూటర్ పూర్తిగా ఆపి, స్ప్లిట్టర్‌ను బయటికి తీసిన తరువాతే చేయాలి. కనెక్టర్ పక్కన ఒక్కొక్క తీగకు ఎదురుగా గోరంత కూడా లేని చిన్న కిటికీ ఉంటుంది. వెలుగుకు పట్టి చూస్తే అందులో ఇత్తడి రంగు నాలుక ఒకటి మెరుస్తుంది. ఆ నాలుకే పిన్నును వెనక్కి జారకుండా పట్టి ఉంచుతుంది. అమ్మ దగ్గర సన్న సూది తీసుకుని ఆ నాలుకను నెమ్మదిగా లోపలికి నొక్కి, వెనుక నుంచి తీగను మెల్లగా లాగితే, మొదటిసారి జారిపోయింది గానీ రెండోసారి పిన్నుతో సహా బయటికి వచ్చింది. నా స్ప్లిట్టర్‌లో తీగలన్నీ నలుపే కావడంతో మూడోది ఏదో తెలుసుకోవడానికి బోర్డు హెడర్‌ను ఆధారం చేసుకున్నాను. హెడర్ వెనుక నిలబడి ఉండే ప్లాస్టిక్ పలక మొదటి మూడు పిన్నుల వెడల్పే ఉంటుంది, నాలుగో పిన్ను దాని అవతల ఒంటరిగా ఉంటుంది. ఆ నాలుగోదాని పక్కదే ట్యాకో. అలా రెండు కొసల నుంచి ట్యాకో తీగలను తీసి, వాటి కొసలకు ఇన్సులేషన్ టేపు చుట్టి, తీగకే కట్టివేశాను. మళ్లీ ఆన్ చేస్తే 910 అనే అంకె కదలకుండా నిలబడింది. అది చూసినప్పుడు కలిగిన ఆనందం చెప్పలేనిది.

ఇక వెనుక ఫ్యాన్, పై ఫ్యాన్ సంగతి. వెనుకది మూడు పిన్నులది, పైది నాలుగు పిన్నులది. రెండు శాఖల స్ప్లిట్టర్‌తో రెండింటినీ రెండో హెడర్‌కు కలిపాను. ఆ హెడర్ పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉన్నప్పుడు పై ఫ్యాన్ చెప్పినట్టు నెమ్మదించింది గానీ, నాలుగో తీగే లేని వెనుక ఫ్యాన్‌కు ఎప్పుడూ నిండా 12 వోల్టులు అందుతుండడంతో అది పూర్తి వేగంతోనే తిరిగింది. డీసీ మోడ్‌కు మార్చగానే రెండూ దారికి వచ్చాయి. డీసీ మోడ్‌లో నాలుగు పిన్నుల ఫ్యాన్ కూడా వోల్టేజీ తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. మూడు పిన్నులవీ నాలుగు పిన్నులవీ ఒకే స్ప్లిట్టర్ మీద కలపక తప్పనివారికి ఇదొక్కటే దారి అని నా అభిప్రాయం. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వేగం 40 శాతానికి, అంటే సుమారు 4.8 వోల్టులకు తగ్గించి కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే, కొత్త ఫ్యాన్ తిరిగింది, పాతది కదలలేదు. వేలితో రెక్కను కొద్దిగా తోస్తే తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూ ఉండడానికి సరిపోయే వోల్టేజీ, నిలిచినదాన్ని కదల్చడానికి సరిపోవాలని లేదు. ఐదైదు శాతం చొప్పున పెంచుతూ పోతే 55 శాతం దగ్గర తనంతట తాను కదిలింది. నేను 60 శాతం కంటే దిగకూడదని అక్కడ హద్దు పెట్టాను.

వేగాన్ని ఉష్ణోగ్రతకు ముడిపెట్టే గీత గీయడంలోనూ కొంత తడబడ్డాను. బయోస్‌లో ముందు ఫ్యాన్లు ప్రాసెసర్ వేడిని బట్టి నడిచేలా ఉన్నాయి. ప్రాసెసర్ వేడి క్షణానికొక తీరుగా మారుతుంది. ఒక బ్రౌజర్ తెరిచినా పది డిగ్రీలు ఎగిరి పడుతుంది. దానితో ఫ్యాన్లు ఉండీ ఉండీ గుయ్యిమని లేచి వెంటనే తగ్గేవి. నిలకడైన శబ్దం కంటే ఆ ఎత్తుపల్లాల శబ్దమే చెవికి ఎక్కువ బాధ. పైగా నా పనిలో అసలు వేడెక్కేది గ్రాఫిక్స్ కార్డు. దాని ఉష్ణోగ్రత నా బోర్డు బయోస్‌కు తెలియదు. అందువల్ల విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండింటిలో ఏది ఎక్కువ వేగం కోరితే దాన్ని ముందు ఫ్యాన్లు పాటించేలా ఏర్పాటు చేశాను. ఉష్ణోగ్రత మారిన వెంటనే కాకుండా కొన్ని సెకన్లు నిలకడగా ఉంటేనే వేగం మారేలా ఆలస్యం కూడా పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఏ కారణంగానో ఆగిపోయినా ప్రమాదం లేకుండా బయోస్‌లోని గీతను కాస్త ధారాళంగానే ఉంచాను.

ఎక్కువ ఫ్యాన్లు పెడితే ఎక్కువ రొద వస్తుందని అనుకునేవారికి ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే అది పంపే గాలి సగం అవుతుంది. అది తినే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇంజినీర్లు వేసే లెక్క ప్రకారం శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకే రకం ఫ్యాన్లు మూడు కలిస్తే పెరిగే శబ్దం సుమారు 5 డెసిబెల్స్ మాత్రమే. కనుక 1,500 చుట్లతో అరిచే ఒక్క ఫ్యాన్ కంటే 750 చుట్లతో తిరిగే మూడు ఫ్యాన్లు ఎక్కువ గాలి ఇచ్చి తక్కువ శబ్దం చేస్తాయి. నా గదిలో దీన్ని చెవులారా విన్నాను. ముందు మూడూ 800 దగ్గర తిరుగుతున్నప్పుడు వసారాలో రాట్నం చప్పుడే ఎక్కువగా వినిపిస్తుంది. రెండరింగ్‌లో కార్డు 74 డిగ్రీలు దాటలేదు. పని మళ్లీ ఐదు గంటల్లో ముగియసాగింది.

ఇంతటితో పని అయిపోయిందనే అనుకున్నాను. ఒక నెల గడిచాక కార్డు ఉష్ణోగ్రత మెల్లమెల్లగా 80కి చేరింది. ముందు ఫ్యాన్ల వేగం చూస్తే ఎప్పటిలాగే ఉంది, గీత మారలేదు, సాఫ్ట్‌వేర్ సరిగానే నడుస్తోంది. క్యాబినెట్ ముందు వైపు దుమ్మును ఆపే జాలీని శుభ్రం చేశాను; ఒక డిగ్రీ తగ్గింది. కార్డు చిప్పు వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయిందేమోనని దాన్ని విప్పడానికి కూడా సిద్ధపడ్డాను. ఆ సాయంత్రం ఎందుకో క్యాబినెట్ ముందు నేల మీద కూర్చుని, అమ్మ పక్కన పెట్టిన ఏకు నుంచి జానెడు పోగు తీసి, జాలీ ముందు పై నుంచి కిందికి నెమ్మదిగా దించుతూ చూశాను. ముందు మూడింటిలో పైదాని ఎదుట పోగు లోపలికి వంగి జాలీకి అంటుకుంది. మధ్య ఫ్యాన్ ఎదుటా అంతే. అడుగు ఫ్యాన్ ఎదుటికి వచ్చేసరికి పోగు నిటారుగా వేలాడింది. ఇంకా చెప్పాలంటే, కొస కాస్త నా వైపే ఊగింది. అక్కడ గాలి లోపలికి వెళ్లడం లేదు సరికదా, పక్క ఫ్యాన్లు లోపలికి లాగిన గాలి ఆ సందు గుండా బయటికి వస్తోంది.

ముందు పలక ఊడదీసి చూస్తే అడుగు ఫ్యాన్ ఆగి ఉంది. జాలీ అంచుకూ పలకకూ మధ్య ఉన్న సందులోంచి ఒక నూలు పోగు లోపలికి పోయి, రెక్కల మధ్యనున్న గుండ్రని దిమ్మకూ చట్రానికీ మధ్య చుట్టుకుపోయింది. దానికి నూగు తోడై ముద్దకట్టింది. నాలుగైదు సెకన్లకొకసారి ఫ్యాన్ రెక్కలు వెంట్రుకవాసి కదిలి, వణికి, ఆగిపోతున్నాయి. రోటర్ బిగుసుకుపోయినప్పుడు మోటారు కాలిపోకుండా కరెంటు ఆపి, కాసేపటికి మళ్లీ ప్రయత్నించే రక్షణ ఆ ఫ్యాన్‌లో ఉండబట్టి అది బతికింది. అది ఎన్ని రోజులుగా అలా ఉందో చెప్పే ఆధారం నా దగ్గర ఏదీ లేదు. ఎందుకంటే స్ప్లిట్టర్‌లో ట్యాకో ఉన్న కొసను నేను ముందు మూడింటిలో పైదానికి పెట్టాను. అలా పెట్టడానికి కారణం ఒక్కటే, ఆ తీగ అక్కడికి సులువుగా అందింది. బోర్డుకు తెలిసినదల్లా ఆ పైది బాగుందని. మూడింటి తరఫున అదొక్కటే జవాబు చెబుతుంటే, మూడూ బాగున్నాయని నేను నమ్మాను.

ఆ పోగును కత్తెరతో తునకలు చేసి పట్టకారతో తీశాను. ఫ్యాన్ దెబ్బతినలేదు. కానీ ఆ తరువాత తీగల అమరికనంతా మార్చాను. ముందు మూడింటిలో నేలకు దగ్గరగా ఉండి దూది ఎక్కువగా పీల్చే అడుగు ఫ్యాన్‌కు ట్యాకో కొసను ఇచ్చాను. తీగ పొడవు చాలకపోతే పొడిగింపు తీగ ఒకటి కొని మరీ ఇచ్చాను. రెండో హెడర్‌లో కూడా ట్యాకో కొసను కొత్త ఫ్యాన్ నుంచి తీసి వెనుక పాతదానికి మార్చాను. ఎందుకంటే ఆ జంటలో ముందుగా పోయేది అదే. ఏ కొస ఏ ఫ్యాన్‌కు చేరుతుందన్నది మనం నిర్ణయించవలసిన విషయం, తీగ పొడవు నిర్ణయించవలసినది కాదు. బయోస్‌లో రెండు హెడర్లకూ ఫ్యాన్ ఆగితే హెచ్చరించే సదుపాయాన్ని కూడా ఆన్ చేశాను. అది ఆన్ చేయగానే మొదటిసారి మోగింది, వెనుక ఫ్యాన్ ఆన్ అయిన వెంటనే ఒక క్షణం ఆలస్యంగా కదలడం వల్ల. కనీస వేగం 65 శాతానికి పెంచితే సర్దుకుంది.

ముందు మూడు ఫ్యాన్లు గాలిని లోపలికి తోస్తుంటే, వెనుక, పైన ఉన్న రెండూ దాని కంటే కొంచెం తక్కువ బయటికి పంపేలా వేగాలు అమర్చాను. లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే గాలి జాలీ ఉన్న దారినే లోపలికి వచ్చి సందుల గుండా బయటికి పోతుంది; తక్కువగా ఉంటే జాలీ లేని ప్రతి సందు నుంచీ దూది లోపలికి దూరుతుంది. మా ఇంటికి ఇది తప్పనిసరి. జాలీ అంచు చుట్టూ ఉన్న సందును సన్నటి స్పాంజి పట్టీతో మూసివేశాను. ప్రతి ఆదివారం ఉదయం జాలీ తీసి దులిపి, ఐదు ఫ్యాన్ల ఎదుటా ఏకు పోగు పట్టి చూస్తాను. ముందు వాటి దగ్గర అది లోపలికి వంగాలి, వెనుక, పైన ఉన్నవాటి దగ్గర బయటికి ఎగరాలి. రెండు నిమిషాల పని. బ్రష్‌తో గాని బ్లోయర్‌తో గాని శుభ్రం చేసేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకుని ఉంచుతాను. బ్లోయర్ గాలికి ఫ్యాన్ దాని హద్దు మించిన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఈ సంగతులన్నీ విన్న మా బావ తన స్టూడియోలోని కంప్యూటర్‌ను కూడా చూడమన్నాడు. అందులో ఎనిమిది ఫ్యాన్లు. స్ప్లిట్టర్‌కు స్ప్లిట్టర్ తగిలించి ఆ ఎనిమిదింటినీ ఒకే హెడర్‌కు కలిపి ఉంచారు. ఒక్కొక్కటి 0.25 ఆంపియర్లు, మొత్తం 2 ఆంపియర్లు, 1 ఆంపియర్ హెడర్ మీద. కనెక్టర్‌ను ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. అక్కడ స్ప్లిట్టర్ పనికిరాదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి సాటా పవర్ కనెక్టర్ ద్వారా కరెంటు తీసుకుని, బోర్డు నుంచి పీడబ్ల్యూఎం ఆజ్ఞను మాత్రమే తీసుకునే హబ్ ఒకటి పెట్టించాను. సాటా కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు ఉంటాయి, ఒక్కొక్కటి 1.5 ఆంపియర్ల చొప్పున 4.5 ఆంపియర్ల వరకు ఇవ్వగలదు కనుక 2 ఆంపియర్లు దానికి భారం కాదు. అయితే అటువంటి హబ్‌లు చాలావరకు నాలుగు పిన్నుల ఫ్యాన్లకే పనికివస్తాయి. మూడు పిన్నులవి పెడితే పూర్తి వేగంతో తిరుగుతాయి. హబ్ మీద కూడా ఒకటో నంబరు రంధ్రం మాత్రమే బోర్డుకు వేగం చెబుతుంది. "ఎనిమిదింటిలో ఏది ముందు పోతుందో నీకే తెలియాలి బావా, దాన్ని ఒకటిలో పెట్టు" అన్నాను. వీధి వైపు తలుపుకు ఎదురుగా ఉండి, రోడ్డు దుమ్మంతా పీల్చే ముందు ఫ్యాన్‌ను చూపించాడు.

మా ఇంట్లో వెనుక పాత ఫ్యాన్ ఇప్పుడు నెమ్మదిగా వయసు చూపిస్తోంది. 65 శాతం దగ్గర అది మొదట 1,180 చుట్లు తిరిగేది. నెలనెలా రాసుకుంటూ వస్తున్నాను: 1,160, 1,150, ఇప్పుడు 1,090. చల్లటి ఉదయాల్లో ఆన్ చేసినప్పుడు మొదటి నిమిషం సన్నగా గీరినట్టు చప్పుడు వస్తోంది, బేరింగ్‌లో నూనె ఎండుతోందన్న మాట. దానికి బదులు నాలుగు పిన్నుల ఫ్యాన్ ఒకటి కొని, పెట్టె విప్పకుండా బల్ల మీద ఉంచాను. అంకె 1,000 దిగిన రోజున మార్చి, రెండో హెడర్‌ను కూడా పీడబ్ల్యూఎం మోడ్‌కు తిప్పుతాను.